నాళికా శాస్త్రం

ఏ శాస్త్రం మొదలుపెట్టినా ముందు నాలుగు సంగతులు తేల్చాలని పెద్దలు నియమం పెట్టారు. ఇది దేని గురించి, ఎవరి కోసం, విషయానికీ శాస్త్రానికీ సంబంధమేమిటి, చదివితే ఒరిగేదేమిటి. దీన్ని అనుబంధ చతుష్టయం అంటారు. వేదాంతం చదివేవాళ్ళకున్న ఈ సౌకర్యం కారు కింద వెల్లకిలా పడుకున్నవాడికి మాత్రం ఎందుకుండకూడదు?

విషయం: 1972 మోడల్ ఎంజీబీ అనే రెండు సీట్ల ఇంగ్లీషు స్పోర్ట్స్ కారుకి బ్రేకు పైపులూ వాటి నట్లూ మార్చడం. అధికారి: ఒంట్లో ఓపిక, ఒంటి మీద పాత చొక్కా, ఆఫీసుకి పోవడానికి ఇంట్లో ఇంకో కారు ఉన్నవాడు. మొదటి రెండూ లేకపోయినా నెట్టుకురావచ్చు. మూడోది లేనివాడు ఇక్కడే పుస్తకం మూసెయ్యాలి. సంబంధం: పైపు పగిలినప్పుడు అధికారికీ ముందు కారు డిక్కీకీ ఏర్పడేది. ప్రయోజనం: కారు ఆగడం. మోక్షం కూడా ఉంది కానీ అది నట్లు సరిగ్గా బిగించనివాళ్ళకే తొందరగా దొరుకుతుంది.

నేనుండేది డెట్రాయిట్ శివార్లలో. కారు కొన్న మూడో ఏడు, అక్టోబరులో ఒక సాయంత్రం, సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కితే పెడలు కొత్త అల్లుడికి వేసిన పరుపులా మెత్తగా కిందికి దిగిపోయింది. కారు మాత్రం కాస్త ఆలస్యంగానైనా ఆగింది. 1968 మోడల్ నుంచి అమెరికాకి పంపిన ఎంజీబీలకి బ్రేకులు రెండు సర్క్యూట్లు: ముందు చక్రాలది ఒకటి, వెనక చక్రాలది ఒకటి. వెనకది చేతులెత్తేసినా ముందున్న డిస్కులు పరువు నిలబెట్టాయి. ఇలాంటప్పుడు డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలగాలి. రెండు సర్క్యూట్ల మధ్య ఒక ఇత్తడి దిమ్మ ఉంటుంది, ఎటు ఒత్తిడి తగ్గితే అందులోని ముక్క అటు జరిగి దీపం వెలిగిస్తుంది. ముక్క జరిగింది. దీపం వెలగలేదు. బల్బు ఎప్పుడో పోయింది.

ఇంటికొచ్చి టార్చిలైటు వేసి చూశాను. వెనక ఇరుసు మీది పైపు మాడిన పెసరట్టు అంచులా పొరలు పొరలుగా లేచి ఉంది. గోటితో గీరితే ఊడి వచ్చింది. ఒక్క పైపు అలా ఉంటే మిగతావి మాత్రం ఎలా ఉంటాయి? అవన్నీ ఒకే ఏడు పుట్టి ఒకే రోడ్డు మీద తిరిగినవే.

ఇక్కడ కొంత చరిత్ర చెప్పక తప్పదు. మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా పాకుతుందని పాస్కల్ రాశాడు. ఆ గ్రంథం ఆయన పోయిన మరుసటేడు, 1663లో, అచ్చయింది. దాన్ని తెచ్చి కారు చక్రానికి కట్టినవాడు మాల్కమ్ లాక్‌హీడ్. తమ్ముడితో కలిసి విమానాలు కట్టిన మనిషే. ఆయన బ్రేకుల కంపెనీ పెట్టింది డెట్రాయిట్‌లో. 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ బ్రేకులు పెట్టుకుని రోడ్డెక్కింది. తరవాత ఆ లైసెన్సు సముద్రం దాటి ఇంగ్లండు వెళ్ళింది, లెమింగ్టన్ స్పాలో లాక్‌హీడ్ పేరుతోనే బ్రేకులు తయారయ్యాయి, అవి ఎంజీబీకి ఎక్కాయి. ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా ఎంజీబీలు ఐదు లక్షలకి పైగా తయారయ్యాయి. అందులో చాలా భాగం ఓడెక్కి అమెరికాకే వచ్చాయి.

ఇక పైపు. రాగి పూత పూసిన ఉక్కు రేకుని రెండు చుట్లు చుట్టి, కొలిమిలో ఆ రాగినే కరిగించి అతికిస్తే వచ్చే సన్నటి గొట్టం ఇది. ఈ పని మొదలుపెట్టిన కంపెనీదీ డెట్రాయిటే. పేరు బండీ. ఈ పేరు మీద పండితుల్లో (అంటే నాలో) రెండు వాదాలున్నాయి. బండి ఆగడానికి కావలసింది కనుక బండీ అని ఒక వ్యుత్పత్తి. వ్యవస్థాపకుడి ఇంటిపేరు బండీ కనుక అని రెండోది. రెండోది నిజం. మొదటిది బాగుంది.

ఇదే డెట్రాయిట్ కింద, వెయ్యి అడుగులకి పైబడిన లోతున, పెద్ద ఉప్పు గని ఉంది. శీతాకాలం రోడ్ల మీద మంచు కరగడానికి చల్లేది అలాంటి గని ఉప్పే. బ్రేకుల కంపెనీ పుట్టింది ఈ ఊళ్ళో, పైపు పుట్టింది ఈ ఊళ్ళో, ఆ పైపుని తినే ఉప్పు తవ్వుతున్నదీ ఈ ఊళ్ళోనే. ఉప్పు తిన్నవాడు విశ్వాసంగా ఉండాలంటారు. ఆ మాట మనుషులకి చెప్పింది. ఉప్పు తిన్న పైపు నుంచి దాన్ని ఆశించకూడదని నేను సిగ్నల్ దగ్గర నేర్చుకున్నాను.

పరిభాష కూడా ఇక్కడే. నట్టు మీది మరని ఇంగ్లీషువాడు దారం అంటాడు. అంగుళంలో ఎనిమిదో వంతుని మన వడ్రంగి నూలు అంటాడు. చిన్న వాక్యంలో పెద్ద సంగతి ఇమిడ్చితే శాస్త్రకారుడు సూత్రం అంటాడు. మూడూ దారాలే, మూడూ చిక్కుపడేవే. ఎంజీబీ బ్రేకు పైపు లావు ఒకటిన్నర నూలు. దాని నట్టు మర లావు ఎక్కువ చోట్ల మూడు నూళ్ళు, అంగుళానికి 24 చుట్లు. ఈ కొలతకీ ఒక సంధిపత్రం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకరి బోల్టు ఇంకొకరి నట్టులోకి ఎక్కక మిత్రదేశాలు పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. అందుకని 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా వాషింగ్టన్‌లో కూర్చుని మరలన్నీ ఇకనుంచి ఒకే లెక్కన అని సంతకాలు పెట్టాయి. యుద్ధాల తరవాత రాసుకున్న ఒప్పందాల్లో ఇప్పటికీ నా గ్యారేజీలో అమలవుతున్నది నాకు తెలిసి ఇదొక్కటే.

ఇక శాస్త్రం.

మొదటి సూత్రం: తిరగాల్సింది నట్టు, తిరిగేది పైపు.

దీనికి వ్యాఖ్యానం. నట్టు దిమ్మలోంచి వదులై తిరగాలి, దాని మధ్యలోని పైపు కదలకుండా ఉండాలి. యాభై ఏళ్ళ కాపురంలో నట్టూ పైపూ తుప్పుతో ఒకటైపోయి ఉంటాయి. నట్టు తిప్పితే దానితోపాటు పైపూ మెలికలు తిరుగుతుంది, అచ్చం జంతిక చుట్టినట్టు. రెండు రోజుల ముందునుంచీ తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి. మామూలు పానా పెట్టడం నిషిద్ధం. అది రెండు వైపులే పట్టుకుంటుంది, నట్టు ఆరు మూలలూ అరిగి గుండవుతుంది. పైపు దూరడానికి ఒక పక్క సందు వదిలి, మిగతా వైపులన్నీ పట్టుకునే ఫ్లేర్ నట్ పానా అని ప్రత్యేకంగా ఉంటుంది. అది కొనడానికి బద్ధకించి మామూలు పానాతో నేను గుండు గీసిన నట్లు మూడు. వాటికి ప్రాయశ్చిత్తం ఒకటే: పైపుని నట్టు మొదట్లో రంపంతో కోసేసి, ఆరు పలకల సాకెట్ దిగ్గొట్టి తిప్పడం. ఎలాగూ పారేసే పైపే కదా అనే జ్ఞానం కలగడానికి ఒక ఆదివారం పట్టింది.

పాత పైపు పారేయకూడదు. ఎంత తుప్పు పట్టినా, ముక్కలైనా, అదే కొత్త పైపుకి నమూనా. దాని పొడవు టేపుతో కొలవడం కుదరదు. వంపులెక్కువ, టేపు వంగదు. పురికొస ఒకటి పైపు వెంబడి పరిచి, చివర ముడి వేసి, ఆ పురికొసని సాగదీసి కొలవాలి. దీనికి శాస్త్రప్రమాణం ఉంది. మృచ్ఛకటికంలో శర్విలకుడు అనే దొంగ గోడకి కన్నం వేసేముందు ఏ ఆకారంలో వేస్తే విద్యకి తగ్గట్టుంటుందా అని తర్కిస్తాడు. కొలతదారం తేవడం మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. ఆ నాటకం పేరుకి అర్థం మట్టి బండి అని పాఠకులు గమనించాలి. కన్నం చిన్నదైనా కొలత తప్పకూడదన్న ఆ పట్టుదల చూశాక, నా పురికొస మీద నాకు గౌరవం పెరిగింది.

కొత్త పైపు ఏ లోహంతో అన్నదాని మీద మూడు మతాలున్నాయి. ఉక్కు వేరు, దాని మీది పూత వేరు అనేది ద్వైతం. పూత ఉన్నన్నాళ్ళు బాగానే ఉంటుంది, పోయాక ఉక్కు ఉప్పు పాలు. అంతా రాగే, రాగి తప్ప రెండోది లేదనేది అద్వైతం. రాగికి తుప్పు పట్టదు, చేత్తో వంగుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అదేపనిగా అదిరే చోట కొన్నాళ్ళకి గట్టిపడి చిట్లుతుంది. బ్రేకు గట్టిగా తొక్కితే చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లు దాటే ఒత్తిడి ఉండే పైపుకి ఆ గుణం పనికిరాదు. మూడోది విశిష్టాద్వైతం: తొంభై వంతుల రాగి, సుమారు పది వంతుల నికెలు, విశేషణంగా కాస్త ఇనుము. కునిఫర్ అంటారు. మూడు లోహాల రసాయన సంకేతాలు కలిపి కట్టిన పేరు. వోల్వో 1976లోనే ఇది వాడడం మొదలుపెట్టింది. స్వీడన్‌లోనూ చలికాలం ఉంటుంది కనుక నేను ఆ మతం పుచ్చుకున్నాను. పాతికడుగుల చుట్ట తెచ్చాను. ఒక చివర కాలితో తొక్కిపట్టి, నేల మీద దొర్లిస్తూ విప్పితే తిన్నగా వస్తుంది. పూరీకర్రతో వత్తితే ఇంకా తిన్నగా వస్తుంది, కానీ అది ఇంట్లో తెలియకూడదు.

రెండో సూత్రం: మూతిని బట్టి నట్టు.

పైపు చివర నట్టులోంచి జారిపోకుండా, బ్రేకు ఆయిలు కారకుండా, మూతి విప్పార్చాలి. ఈ మూతులు రెండు రకాలు. పైపు చివర గుండ్రంగా ముందుకు ఉబ్బితే బుంగమూతి. లోపలికి గరాటులా తెరుచుకుంటే గరాటుమూతి. ఎంజీబీలో, దిమ్మలోకి దూరే మగ నట్టు దగ్గర బుంగమూతి. రబ్బరు గొట్టం చివరని పైనుంచి కప్పే ఆడ నట్టు దగ్గర గరాటుమూతి. అమెరికన్ కార్లలో ఆచారం వేరు, వాళ్ళు మగ నట్టుకీ గరాటే పెడతారు. ఇక్కడి దుకాణాల్లో రెడీమేడ్‌గా దొరికే పైపులు అలాంటివే. నట్టు అదే లావు, మర అదే, చక్కగా ఎక్కుతుంది, మూతి మాత్రం లోపల కూర్చోదు. ఇంటిపేరు కలిసిందని బంధుత్వం కలుపుకున్నట్టే.

మూతి చేసే పనిముట్టు పక్కింటి పెద్దాయన అరువిచ్చాడు. ఆయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడు. కాఫీ కప్పుతో వచ్చి గ్యారేజీ గుమ్మంలో నిలబడి, ఏమీ మాట్లాడకుండా చూసి, తల ఒకసారి అడ్డంగా ఊపి వెళ్ళిపోవడం ఆయన బోధనాపద్ధతి. పైపుని కట్టరుతో తిన్నగా కోసి, లోపలి బొడిపెలు గీకి, చివర ఆకురాయితో సాపు చేసి, రెండు దవడల మధ్య బిగించి, మొదటి పోటుతో నొక్కితే బుంగమూతి వస్తుంది. అక్కడితో ఆపాలి. ఆపకుండా రెండో పోటుతో నొక్కితే ఆ బుంగ లోపలికి మడుచుకుని గరాటవుతుంది. అంటే బుంగమూతి అనేది సగంలో ఆపిన గరాటు. అలక కూడా సగంలో ఆపినంతసేపే అందం అని ప్రబంధకవులు ఒప్పుకుంటారనుకుంటాను.

మూడో సూత్రం: నట్టు ముందు, మూతి తరవాత.

దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. అయినా చెబుతాను.

చలికాలం నడిమధ్య ఒక రాత్రి, ముందునుంచి వెనకదాకా పోయే పొడవాటి పైపు పూర్తి చేశాను. పురికొస కొలత ప్రకారం కోసి, పాత పైపు పక్కన పెట్టుకుని ఒక్కో వంపూ సీసా మెడ మీద తిప్పి, చివర మూతి విప్పార్చాను. అంత గుండ్రటి బుంగమూతి అంతకుముందు రాలేదు. ఆ ఆనందం ఎవరితోనన్నా పంచుకోవాలి కనుక విజయవాడలో మా బాబాయికి వీడియో కాల్ చేశాను. అక్కడ పొద్దున్న. ఆయన ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు అంబాసిడర్లు బాగుచేశాడు. ఎంజీబీ చూడలేదు గానీ బంధువులే: అంబాసిడర్ మూలం మారిస్ ఆక్స్‌ఫర్డ్, ఎంజీ అంటే మారిస్ గ్యారేజెస్. పాత పెట్రోలు అంబాసిడర్ 1489 సీసీ ఇంజనూ, నా కారు 1798 సీసీ ఇంజనూ బీఎంసీ బీ-సీరీస్ అనే ఒక్క తల్లి బిడ్డలు.

బాబాయి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

“మూతి బాగా కుదిరిందిరా. నట్టేదీ?”

“ఇదిగో బాబాయ్, చేతిలో ఉంది.”

“చేతిలో ఉంటే ఎట్లా ఎక్కిస్తావ్ రా?”

నేను నట్టు వైపు చూశాను. మూతి వైపు చూశాను. నట్టు కంత చిన్నది, మూతి పెద్దది. అంతకుముందు అలా ఉండాలనే గదా అంత కష్టపడి విప్పార్చింది.

“అవతలి చివర్నుంచి ఎక్కిస్తా బాబాయ్.”

“అవతల మూతి చెయ్యలేదా?”

“అదే ముందు చేశాను.”

బాబాయి ఏమీ అనలేదు. పిన్నిని పిలిచి ఫోను ఆవిడకి ఇచ్చాడు. వెనకనుంచి ఆయన నవ్వు మాత్రం చాలాసేపు వినిపించింది. పెళ్ళయ్యాక పీటలు వెతుక్కున్న పద్ధతి ఇది. అయినా మూతి కోసేస్తే పైపు అర అంగుళం పొట్టిదవుతుంది, అంతే కదా అని ఒక చివర కోశాను, నట్టు ఎక్కించాను, మళ్ళీ మూతి చేశాను. ఈసారి నట్టు వెనక్కి తిరిగి ఎక్కింది. మర ఉన్న వైపు మూతికేసి ఉండాలి, నాది ఇంటికేసి ఉంది. మూడోసారికి పైపు పొట్టిదైపోయి దిమ్మదాకా అందలేదు. ఆ పైపు ఇప్పుడు మా పెరట్లో టమాటా మొక్కకి ఆసరాగా ఉంది.

నట్ల విషయంలో ఇంకో అపచారం జరిగింది, దానికి బాధ్యత నాది కాదు. ఒక దుకాణంవాడు అంగుళాల నట్లు అడిగితే మిల్లీమీటర్ల నట్లు ఇచ్చాడు. మూడు నూళ్ళంటే 9.525 మిల్లీమీటర్లు. వాడిచ్చినవి పది మిల్లీమీటర్లవి. మర చుట్ల మధ్య దూరం ఇటు 1.058, అటు 1. కంటికి కవలపిల్లల్లా ఉంటాయి. అరచుట్టు ఎక్కి బిగుసుకుంటుంది, బాగా బిగిసిందని సంతోషించి ఇంకో పట్టు పట్టామా, ఇత్తడి దిమ్మ లోపలి మర గోవిందా. అందుకని ప్రతి నట్టునీ ముందు వేళ్ళతోనే చివరిదాకా ఎక్కించి చూడాలి. వేళ్ళకి లొంగనిది పానాకి లొంగకూడదు. మూడు రబ్బరు గొట్టాలు కూడా ఈ సందర్భంలోనే మార్చేశాను. ముందు చక్రాలకి రెండు, వెనక ఇరుసుకి ఒకటి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అవి వంగుతాయి.

ఇక బ్రేకు ఆయిలు. తొలిరోజుల్లో బ్రేకుల్లో పోసింది ఆముదం, ఆల్కహాలు కలిపిన మిశ్రమం. మా అమ్మమ్మ నెలకో ఆదివారం పిల్లలందరికీ పట్టించిందీ ఆముదమే. ఆవిడ ఉద్దేశం మాత్రం ఆపడం కాదు. ఇప్పుడు వాడేది గ్లైకాల్ ఆయిలు. సీసా మూత తీసి ఉంచితే శ్రావణమాసంలో బెల్లంలా గాలిలోని తడి పీలుస్తుంది. డాట్ 4 అనే రకం ఆయిలు కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. నీళ్ళు తాగాక 155 చాలు. మరిగితే ఆవిరి, ఆవిరి నొక్కితే నలుగుతుంది, పెడలు మళ్ళీ పరుపవుతుంది. ఉప్పు తిన్న పైపూ నీళ్ళు తాగిన ఆయిలూ ఒకే కారులో ఉండటం నా కర్మ. డాట్ 5 అనే ఊదారంగు సిలికోన్ ఆయిలు నీళ్ళు తాగదు, గ్లైకాల్‌తో కలవదు. డాట్ 5.1 మళ్ళీ గ్లైకాలే. చుక్క పెట్టి పక్కన ఒకటి వేస్తే గోత్రమే మారిపోతుంది, చూసి కొనాలి. గ్లైకాల్ ఆయిలు కారు రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్ళు పోసి కడగాలి. ఎడమ మడ్‌గార్డు మీద అరచెయ్యంత మేర నేను దీన్ని ప్రయోగపూర్వకంగా నిరూపించాను.

చివరి అంకం గాలి తీయడం. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు పెడలు తొక్కి పట్టుకోవాలి, ఒకరు చక్రం దగ్గర నిపుల్ వదులు చేసి, బుడగలతో ఆయిలు బయటికొచ్చాక బిగించాలి. ఆ తరవాతే పెడలు వదలాలి. ముందే వదిలితే పోయిన గాలి లోపలికి తిరిగొస్తుంది. మా ఆవిడ స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని సీట్లో కూర్చుంది.

“తొక్కు.”

“తొక్కానండీ.”

“పట్టుకో. వదలకు.”

“ఎంతసేపూ?”

“వదలకు!”

“పాతికేళ్ళ కాపురంలో నేను ఒకచోట కాలు మోపితే మీరు వదలకన్నది ఇదే మొదటిసారి” అంది. అని, ఫోను మోగితే వదిలింది.

వెనక చక్రాలు మళ్ళీ మొదట్నుంచి. ఎర్రదీపం కొత్త బల్బుతో వెలిగింది, ఎందుకంటే ఇత్తడి దిమ్మలో ముక్క మళ్ళీ ఒక పక్కకి జరిగింది. దాన్ని మధ్యకి తేవడానికి ఎదుటి సర్క్యూట్ నిపుల్ కాస్త వదిలి, పెడలు మెల్లగా నొక్కాలి, దీపం ఆరిన క్షణంలో ఆపాలి. ఇంకో రవ్వ నొక్కితే ముక్క అటు పక్కకి పోతుంది. అటు రెండుసార్లు, ఇటు మూడుసార్లు పోయింది. ఆరోసారి మధ్యలో ఆగింది. పెడలు రాయిలా నిలబడింది. ఆ రోజు ఇంట్లో వంట నేను చేశాను.

పక్కింటి పెద్దాయన కాఫీ కప్పుతో వచ్చి, కారు కిందికి వంగి, కొత్త పైపుల వంపులు ఒక్కొక్కటీ చూసి, పనిముట్టు తీసుకుని వెళ్ళాడు. తల ఊపలేదు.

రోడ్లమీద ఉప్పు కడుక్కుపోయే వాన పడేదాకా కారు బయటికి తియ్యలేదు. తీశాక, ప్రతి రాత్రీ దాని కింద ఒక అట్టముక్క పరుస్తున్నాను. బ్రేకు ఆయిలు మచ్చ లేత తేనెరంగులో, వేలికి జిగురు లేకుండా ఉంటుంది. ఇవాళ పొద్దున్న చూస్తే అట్ట మీద ఒక్కటే మచ్చ ఉంది. నల్లగా ఉంది, ఇంజను ఆయిలుది.